నిర్ణయ సామర్థ్యం కోల్పోయిన వయోజనులు - చట్టాల రక్షణ, ప్రభుత్వ సేవలు

పక్షవాతం, రోడ్డు ప్రమాదంలో తలకు తగిలిన దెబ్బ, డిమెన్షియా, తీవ్ర మానసిక వ్యాధి - కారణమేదైనా అప్పటివరకు కుటుంబాన్ని నడిపిన వ్యక్తి ఒక్కసారిగా మంచి చెడులు విచారించి చెప్పలేని స్థితికి చేరుకోవచ్చు. పింఛను ప్రతి నెలా ఖాతాలో జమ అవుతూనే ఉంటుంది. అదే వ్యక్తి వైద్యానికి ఆ సొమ్ము తీయడానికి మాత్రం భార్యకు గాని, బిడ్డలకు గాని అధికారం ఉండదు. మరోవైపు, ఏమి జరుగుతున్నదో తెలియని వృద్ధురాలి వేలిముద్ర తీసుకుని ఇల్లు, పొలం రాయించుకునే సంఘటనలు కూడా ఉన్నాయి. మొదటి సందర్భంలో కుటుంబానికి చట్టబద్ధమైన అధికారం కావాలి. రెండవ సందర్భంలో కుటుంబం నుంచే రక్షణ కావాలి. ఈ రెండు అవసరాలను తీర్చవలసిన చట్టాలు భారతదేశంలో ఒకే చోట లేవు. వేర్వేరు కాలాలలో, వేర్వేరు ఉద్దేశాలతో చేసిన అనేక చట్టాలలో అవి విస్తరించి ఉన్నాయి.

దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. వృద్ధుల సంఖ్య పెరుగుతున్న కొద్దీ ఈ చట్టాలపై అవగాహన రెవెన్యూ, పోలీసు, వైద్య, బ్యాంకింగ్ రంగాల అధికారులందరికీ అవసరమవుతుంది.

చట్టాల పూర్వాపరాలు

స్వాతంత్ర్యానికి పూర్వం అమలులోకి వచ్చిన 1912 నాటి లూనసీ చట్టం మానసిక రోగులను సమాజం నుంచి వేరు చేసి ఆసుపత్రులలో ఉంచడంపైనే ప్రధానంగా దృష్టి సారించింది. దాని స్థానంలో చేసిన 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మానసిక రోగి తన ఆస్తిని తాను చూసుకోలేని స్థితిలో ఉన్నట్లు విచారణలో తేలితే, జిల్లా న్యాయస్థానం ఆ వ్యక్తికి సంరక్షకుని, ఆస్తికి మేనేజరును నియమించే ఏర్పాటు ఆ చట్టంలో ఉండేది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమం అగ్నికి ఆహుతి కాగా, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేక మరణించారు. మృతుల సంఖ్య 28. ఈ దుర్ఘటన దేశవ్యాప్తంగా మానసిక రోగుల హక్కులపై చర్చకు దారి తీసింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. వైకల్యం ఉన్నంత మాత్రాన ఏ వ్యక్తీ చట్టపరమైన హోదాను కోల్పోడని ఆ ఒడంబడిక 12వ అధికరణం చెబుతున్నది. ఈ సూత్రానికి అనుగుణంగా పార్లమెంటు 2016లో వికలాంగుల హక్కుల చట్టాన్ని, 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని ఆమోదించింది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017

ఈ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ఆలోచన, మనోస్థితి, గ్రహణశక్తి, దేశకాల స్పృహ, జ్ఞాపకశక్తులలో తీవ్రమైన రుగ్మతను మానసిక వ్యాధిగా చట్టం నిర్వచించింది. జ్ఞాపకశక్తి లోపాన్ని కూడా చేర్చినందున డిమెన్షియా ఈ నిర్వచనం పరిధిలోకి వస్తుంది. పుట్టుకతో వచ్చే బుద్ధిమాంద్యాన్ని మాత్రం ఇందులో చేర్చలేదు.

చికిత్సకు సంబంధించిన సమాచారాన్ని అర్థం చేసుకోగలగడం, తన నిర్ణయం వల్ల కలిగే పర్యవసానాలను గ్రహించగలగడం, నిర్ణయాన్ని మాటతో గాని సైగతో గాని మరో విధంగా గాని తెలియజేయగలగడం - వీటి ఆధారంగా చట్టం నిర్ణయ సామర్థ్యాన్ని నిర్వచించింది. ఒక వ్యక్తి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన అతనికి సామర్థ్యం లేదని భావించరాదు. మానసిక వ్యాధి ఉన్నట్లు వైద్యులు నిర్ధారించినంత మాత్రాన, న్యాయస్థానం ప్రకటించనిదే ఆ వ్యక్తిని మతిస్థిమితం లేని వానిగా పరిగణించరాదని 3వ సెక్షన్ స్పష్టం చేసింది.

చట్టంలోని ఇతర ముఖ్యాంశాలు ఇవి:

1. ముందస్తు ఆదేశం: భవిష్యత్తులో తనకు మానసిక వ్యాధి వస్తే ఏ విధమైన చికిత్స చేయవచ్చునో, ఏది చేయరాదో మేజరైన ఏ వ్యక్తి అయినా ముందుగానే లిఖితపూర్వకంగా నిర్దేశించవచ్చు. నిర్ణయ సామర్థ్యం కోల్పోయినప్పుడు మాత్రమే ఈ ఆదేశం అమలులోకి వస్తుంది. అత్యవసర చికిత్సకు ఇది వర్తించదు.

2. నామినేటెడ్ ప్రతినిధి: చికిత్స విషయంలో తన తరఫున వ్యవహరించేందుకు ఒకరిని తెల్ల కాగితంపై సంతకం లేదా వేలిముద్రతో నియమించుకోవచ్చు. అలా నియమించుకోని పక్షంలో ముందస్తు ఆదేశంలో పేర్కొన్నవారు, బంధువు, సంరక్షణ చూస్తున్నవారు, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు నియమించిన తగిన వ్యక్తి - ఈ వరుసలో ప్రతినిధి అవుతారు. ఎవరూ లేని పక్షంలో బోర్డు సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరును గాని, ఆయన నిర్దేశించిన ప్రతినిధిని గాని నియమిస్తుంది.

3. ఆసుపత్రిలో చేర్చుకోవడం: స్వయంగా నిర్ణయించుకోలేని రోగిని నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తుపై చేర్చుకోవాలంటే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు మానసిక వైద్య నిపుణుడై ఉండాలి. ఈ గడువు 30 రోజులకు మించరాదు. రోగి సామర్థ్యాన్ని ప్రతి ఏడు రోజులకు ఒకసారి సమీక్షించాలి. మహిళలను, మైనర్లను చేర్చుకుంటే మూడు రోజులలోగా, ఇతరుల విషయంలో ఏడు రోజులలోగా సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. 30 రోజులు దాటితే బోర్డు అనుమతి తప్పనిసరి.

4. సమీక్షా బోర్డు: జిల్లా జడ్జి లేదా ఆ స్థాయి న్యాయాధికారి అధ్యక్షతన కలెక్టరు ప్రతినిధి, మానసిక వైద్య నిపుణుడు, మరో వైద్యుడు, రోగుల, సంరక్షకుల, స్వచ్ఛంద సంస్థల వర్గాల నుంచి ఇద్దరు సభ్యులుగా ఉంటారు. రోగి, అతని ప్రతినిధి, గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థ బోర్డును ఆశ్రయించవచ్చు.

5. నిషేధాలు: రోగిని ఏ పరిస్థితిలోనూ గొలుసులతో కట్టరాదు. మత్తుమందు, కండరాలను సడలించే మందులు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయరాదు.

చట్టాన్ని ఉల్లంఘించిన వారికి మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు శిక్ష లేదా రూ. 10,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. తప్పు పునరావృతమైతే రెండేళ్ల వరకు జైలు శిక్ష లేదా రూ. 50,000 నుంచి రూ. 5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి.

పాత్రికేయులు గమనించవలసిన అంశం 24వ సెక్షన్‌లో ఉంది. మానసిక చికిత్సా సంస్థలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఛాయాచిత్రాన్ని గాని, ఇతర వివరాలను గాని అతని అంగీకారం లేకుండా ప్రసార సాధనాలకు విడుదల చేయరాదు.

పోలీసుల బాధ్యత

నిరాశ్రయంగా తిరుగుతున్న వ్యక్తి మానసిక వ్యాధి కారణంగా తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నట్లు భావిస్తే, స్టేషన్ హౌస్ అధికారి అతనిని రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటలలోగా సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించాలి. ఏ సందర్భంలోనూ లాకప్‌లో గాని, జైలులో గాని ఉంచరాదు. ఇల్లు వాకిలి లేని వ్యక్తి అయితే తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకవలసిన బాధ్యత కూడా పోలీసులదే. ఇంట్లోనే రోగిని హింసిస్తున్నట్లు లేదా నిర్లక్ష్యం చేస్తున్నట్లు తెలిస్తే మేజిస్ట్రేటుకు నివేదించాలి.

ఆస్తి, బ్యాంకు ఖాతా: ఎవరికి అధికారం?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నియమితులైన నామినేటెడ్ ప్రతినిధి అధికారం చికిత్సకే పరిమితం. రోగి ఖాతా నుంచి సొమ్ము తీయడానికి, ఆస్తి అమ్మడానికి ఆ హోదా చెల్లదు. ఆస్తికి మేనేజరును నియమించేందుకు 1987 చట్టంలో ఉన్న అధ్యాయం 2017 చట్టంలో లేదు. ఈ తేడాను గుర్తించక అనేక కుటుంబాలు బ్యాంకుల చుట్టూ తిరగవలసి వస్తున్నది.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే సరిపోతుందన్న అభిప్రాయం కూడా సరైనది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ప్రతినిధి అధికారం కూడా ముగిసిపోతుంది. అంటే ఆ పత్రం అత్యంత అవసరమైన సమయంలోనే నిరుపయోగమవుతుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకు మాత్రమే వర్తిస్తుంది. కనుక వయోజనుల విషయంలో వ్యక్తి స్థితిని బట్టి ఈ క్రింది మార్గాలను ఆశ్రయించవలసి ఉంటుంది.

శారీరక అశక్తత మాత్రమే ఉన్నవారు: తెలివి స్పష్టంగా ఉండి, సంతకం మాత్రమే చేయలేని ఖాతాదారులకు న్యాయస్థానం అవసరం లేదు. చేతి లేదా కాలి వేలిముద్రను, అదీ సాధ్యం కానప్పుడు ఒక గుర్తును, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షుల సమక్షంలో స్వీకరించాలని రిజర్వు బ్యాంకు సూచించింది. ఆ సాక్షులలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి.

ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారు: 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం కలెక్టరు స్థాయి అధికారి, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ సభ్యుడు గల స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. సంరక్షకుడు ఆరు నెలలలోగా ఆస్తుల జాబితాను, ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలలలోగా జమాఖర్చుల లెక్కలను కమిటీకి సమర్పించాలి. ఆస్తిని దుర్వినియోగం చేసినా, వ్యక్తిని నిర్లక్ష్యం చేసినా తొలగించవచ్చు. ఈ కమిటీలు ఇచ్చిన ధ్రువపత్రాన్ని ఖాతాల నిర్వహణకు ఆధారంగా తీసుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2007లో బ్యాంకులకు సూచించింది. డిమెన్షియా గాని, కోమా గాని ఈ చట్టం పరిధిలోకి రావు.

మానసిక వ్యాధితో సహా నిర్దేశిత వైకల్యాలు గలవారు: 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ ‘పరిమిత సంరక్షకత్వం’ అనే కొత్త విధానాన్ని ప్రవేశపెట్టింది. జిల్లా న్యాయస్థానం లేదా ప్రభుత్వం నిర్దేశించిన అధికారి, తగిన సహాయం అందించినా చట్టబద్ధమైన నిర్ణయం తీసుకోలేని వ్యక్తికి సంరక్షకుని నియమించవచ్చు. నిర్దిష్టమైన నిర్ణయానికి, నిర్దిష్టమైన కాలానికి మాత్రమే ఈ అధికారం పరిమితం. సంరక్షకుడు ఏకపక్షంగా కాక, ఆ వ్యక్తితో పరస్పర అవగాహనతో, అతని అభీష్టానికి అనుగుణంగా వ్యవహరించాలి. నియామకంపై అప్పీలుకు అవకాశం ఉంది.

కోమాలో ఉన్నవారు: వీరికి సంరక్షకుని నియమించే ప్రత్యేక చట్టం లేదు. రాజ్యాంగం 226వ అధికరణం క్రింద హైకోర్టులు ఆ లోటును పూరిస్తున్నాయి. కేరళ హైకోర్టు 2019 ఫిబ్రవరిలో శోభా గోపాలకృష్ణన్ కేసులో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం న్యూరాలజిస్టు సభ్యునిగా గల వైద్య బోర్డు రోగిని పరీక్షించాలి. తహశీల్దారుకు తక్కువ కాని రెవెన్యూ అధికారి స్వయంగా సందర్శించి వాస్తవాలను నివేదించాలి. ఆస్తులు, వారసుల వివరాలను దరఖాస్తుదారు వెల్లడించాలి. సాధారణంగా జీవిత భాగస్వామిని లేదా సంతానాన్ని సంరక్షకులుగా నియమించాలి. వారు ప్రతి ఆరు నెలలకు హైకోర్టు రిజిస్ట్రారు జనరల్‌కు నివేదిక ఇవ్వాలి. ఇతర హైకోర్టులు కూడా ఈ మార్గదర్శకాలను పరిగణనలోకి తీసుకున్నాయి.

ఒప్పందాలు, వ్యాజ్యాలు, వారసత్వం

మతిస్థిమితం లేని స్థితిలో చేసుకున్న ఒప్పందం చెల్లదు. అయితే వ్యాధి తీవ్రత తగ్గి, విషయాన్ని గ్రహించగల స్థితిలో ఉన్నప్పుడు చేసుకున్న ఒప్పందం చెల్లుతుంది. వీలునామాకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అందుచేత దస్తావేజు తేదీ నాటికి ఆ వ్యక్తి ఏ స్థితిలో ఉన్నారో తెలిపే వైద్య రికార్డులు వివాదాలలో కీలకమవుతాయి. అశక్తునికి అందించిన తిండి, బట్ట, వైద్యం వంటి నిత్యావసరాల ఖర్చును అతని ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు.

సివిల్ వ్యాజ్యాలలో ఇటువంటి వ్యక్తి తరఫున మరొకరు వ్యవహరించేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు వీలు కల్పిస్తున్నది. ముందుగా మతిస్థిమితం లేనివారిగా ప్రకటింపబడనప్పటికీ, న్యాయస్థానం విచారించి నిర్ధారించుకుంటే సరిపోతుంది. దావా హక్కు ఏర్పడిన నాటికే మతిస్థిమితం లేనివారికి, ఆ స్థితి తొలగిన తరువాతనే కాలపరిమితి లెక్కలోకి వస్తుంది. వ్యాధి లేదా వైకల్యం కారణంగా వారసత్వ హక్కు పోదని హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ప్రకారం, మానసిక రుగ్మత వల్ల చేస్తున్న పని స్వభావాన్ని గ్రహించలేని వ్యక్తి చర్య నేరం కాదు. అశక్తుల సేవకు చట్టబద్ధంగా ఒప్పుకుని, ఉద్దేశపూర్వకంగా ఆ బాధ్యతను విస్మరించిన వారు 357వ సెక్షన్ క్రింద శిక్షార్హులు.

వయోవృద్ధులకు ట్రిబ్యునల్

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఈ చట్టం క్రింద సబ్ డివిజన్ స్థాయి అధికారి అధ్యక్షతన ట్రిబ్యునళ్లు పనిచేస్తాయి. తెలుగు రాష్ట్రాలలో వృద్ధులు తమ గోడు వినిపించుకోవలసింది రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయంలోనే. వృద్ధులు స్వయంగా రాలేకపోతే వారు అధికారమిచ్చిన వ్యక్తి లేదా సంస్థ దరఖాస్తు చేయవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు. నోటీసు అందిన 90 రోజులలో భృతి దరఖాస్తుపై నిర్ణయం తీసుకోవాలి. ప్రత్యేక పరిస్థితులలో మరో 30 రోజులు పొడిగించవచ్చు. నెలకు రూ. 10,000 వరకు భృతి నిర్ణయించే అవకాశాన్ని చట్టం కల్పించింది.

తమను చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని పొందినవారు మాట తప్పితే, ఆ బదిలీని రద్దు చేసే అధికారం 23వ సెక్షన్ క్రింద ట్రిబ్యునల్‌కు ఉంది. స్వాధీనాన్ని కూడా తిరిగి ఇప్పించవచ్చునని సుప్రీంకోర్టు 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో తీర్పు చెప్పింది. హక్కు కోరలేని స్థితిలో ఉన్న వృద్ధుల తరఫున స్వచ్ఛంద సంస్థలు ఈ చర్య చేపట్టవచ్చు. వృద్ధులను దిక్కులేనివారిగా వదిలివేయడం మూడు నెలల వరకు జైలు శిక్షకు లేదా రూ. 5,000 వరకు జరిమానాకు లేదా రెండింటికీ దారి తీసే నేరం.

జీవితాంత చికిత్సపై ముందస్తు నిర్దేశం

కోలుకునే అవకాశం లేని స్థితిలో కృత్రిమ ప్రాణాధార చికిత్సను నిరాకరించే హక్కు గౌరవప్రదమైన జీవన హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో తీర్పు ఇచ్చింది. 2023 జనవరి 24న విధానాన్ని సరళతరం చేసింది. మొదటి తీర్పులో మేజిస్ట్రేటు సంతకం అవసరం కాగా, ఇప్పుడు ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసిన పత్రాన్ని నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. చికిత్స నిలుపుదలపై ప్రాథమిక, ద్వితీయ వైద్య బోర్డులు పరిశీలించి, వీలైనంతవరకు 48 గంటలలోగా అభిప్రాయం తెలపాలి. ఇది మానసిక చికిత్సకు సంబంధించిన ముందస్తు ఆదేశం కంటే భిన్నమైనది.

అందుబాటులో ఉన్న సేవలు

వైద్యం: హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం రెండు రాష్ట్రాలలో ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రులు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి దేశంలో దశలవారీగా విస్తరించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. 70 ఏళ్లు పైబడిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా కుటుంబానికి రూ. 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డుల పంపిణీ 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది.

వృద్ధుల సహాయవాణి: 14567 నంబరుపై పనిచేసే ఎల్డర్ లైన్‌ను 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. వృద్ధులపై వేధింపులు, నిరాశ్రయులైన వృద్ధుల సమాచారాన్ని ఈ నంబరుకు ఎవరైనా తెలియజేయవచ్చు.

న్యాయ సహాయం: వికలాంగులు, మానసిక చికిత్సాలయాలలో ఉన్నవారు న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, మండల న్యాయ సేవాధికార కమిటీని గాని సంప్రదించవచ్చు. సహాయవాణి నంబరు 15100.

పింఛన్లు: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై 1 నుంచి వికలాంగుల పింఛనును నెలకు రూ. 6,000కు, పక్షవాతం వంటి కారణాలతో మంచానికే పరిమితమైన వారి పింఛనును రూ. 15,000కు పెంచి, ఇంటి వద్దనే అందజేయడం ప్రారంభించారు. తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో రూ. 4,016కు పెంచారు.

కుటుంబాలు తీసుకోదగిన జాగ్రత్తలు

చట్టపరమైన చిక్కులలో అధిక భాగం వ్యాధి ముదిరిన తరువాత ఎదురయ్యేవే. డిమెన్షియా తొలి దశలో వ్యక్తికి నిర్ణయ సామర్థ్యం చాలావరకు నిలిచి ఉంటుంది. ఆ సమయంలోనే వైద్యుని ధ్రువపత్రంతో వీలునామా, ముందస్తు ఆదేశం, నామినేటెడ్ ప్రతినిధి నియామకం పూర్తి చేసుకోవచ్చు. జీవిత భాగస్వామితో ‘ఇద్దరిలో ఎవరైనా’ అనే పద్ధతిలో ఉమ్మడి ఖాతా ఉంటే నిత్య ఖర్చులకు ఇబ్బంది తగ్గుతుంది. ఆస్తిని బిడ్డలకు ముందుగానే రాసివ్వదలచిన వారు పోషణ షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించడం వారికే రక్షణ.

అధికారుల వైపు నుంచి చూస్తే, ఈ వ్యక్తులు తమ కార్యాలయానికి స్వయంగా వచ్చి ఫిర్యాదు చేయగల స్థితిలో ఉండరు. తహశీల్దారు ఇంటికి వెళ్లి రాసే నివేదిక, వేలిముద్ర వేసే వ్యక్తిని సబ్ రిజిస్ట్రారు స్వయంగా అడిగే రెండు ప్రశ్నలు, స్టేషన్ హౌస్ అధికారి ఆసుపత్రికి పంపే వాహనం - చట్టం ఇచ్చిన రక్షణ వారికి చేరేది వీటి ద్వారానే.